మైండ్ ట్రైనింగ్ శిబిరాలతో బుర్ర నిజంగా పదునెక్కుద్దా? తెలిసినోళ్లు చెప్పండి

#1 పెన్నాగట్టు
నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒకే రకం కరపత్రాలు తిరగతా ఉండాయి. శిబిరాల పేర్లు వేరు, సరుకు ఒకటే, అందుకే పేర్లు రాయడం లేదు. కల్యాణ మండపంలో శని, ఆదివారాలు, మనిషికి 12 వేలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. చెప్పేవి ఇవి:

మనిషి మెదడులో 10 శాతమే వాడతాడు, మిగతా 90 మేం తెరిపిస్తాం. ఆల్ఫా స్థితిలోకి పోతే చదివింది చదివినట్టు దిగిపోద్ది. కుడి మెదడును నిద్ర లేపితే సృజన పొంగుద్ది. ర్యాంకు వచ్చినట్టు రోజూ కళ్లు మూసుకుని చూసుకుంటే ర్యాంకు వచ్చేస్తుంది. పిల్లలకు ఇంకో 8 వేలు కడితే కళ్లకు గంతలు కట్టి చదివిస్తారు.

ఇందులో ఏది నిజం, ఏది ఉత్తది, ఏది సగం నిజం? 'అంతా మోసం' అనో, 'నమ్మితే పని చేస్తుంది' అనో ఒక్క ముక్కలో తేల్చెయ్యొద్దు. ఏ పద్ధతి దేనికి పనికొస్తుంది, ఎన్నాళ్లు చెయ్యాల, యాడ చెడతది, అది రాయండి.

#2 ఒంగోలు_మేష్టారు
ముందు తేలిగ్గా పోయేవి తీసేద్దాం.

10 శాతం మాట ఉత్తది. శరీరం బరువులో మెదడు 2 శాతం, ఖర్చు చేసే శక్తి 20 శాతం దాకా. పని చెయ్యని 90 శాతాన్ని అంత ఖర్చు పెట్టి ఏ శరీరమూ మోయదు. స్కాన్‌లో చూస్తే నిద్రలో కూడా మెదడంతా ఏదో ఒక పనిలో ఉంటుంది.

కుడి మెదడు కథకి మూలం రోజర్ స్పెరీ పరిశోధన, 1981లో నోబెల్ వచ్చింది. ఆయన చూసింది మూర్ఛ తగ్గించడానికి రెండు అర్ధగోళాల మధ్య వంతెనను కోసిన రోగుల్ని. మనకి ఆ వంతెన తెగలేదు, రెండూ క్షణక్షణం మాట్లాడుకుంటూనే ఉంటాయి. నిద్ర లేపాల్సింది ఏదీ లేదు.

ఆల్ఫా తరంగాలు మాత్రం నిజం. హాన్స్ బెర్గర్ 1929లో ప్రచురించాడు, సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే లయ. అయితే అది రావడానికి 12 వేలు అక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు. తల వెనక భాగంలో ఎవరికైనా పెరుగుతుంది, తెరవగానే తగ్గుతుంది. 'ఆల్ఫాలో నేర్చుకోవడం' అన్న వ్యాపారాన్ని పెంచినవాళ్లలో ముఖ్యుడు టెక్సాస్‌లోని లారెడోకు చెందిన హోసే సిల్వా. రేడియో రిపేరు పని తెలిసినవాడు, 1960ల్లో కోర్సుగా పెట్టాడు. ఇప్పటి కరపత్రాల్లో సగం ఆ కోర్సుకి మనవలు, మునిమనవలు. మెదడులో ఆల్ఫా కనపడ్డం వేరు, దానివల్ల పాఠం ఎక్కడం వేరు. రెండో దానికి రుజువు లేదు.

ఇక అసలు సంగతి. సాధనతో మెదడు మెరుగుపడుతుందా అంటే పడుతుంది. దేన్ని సాధన చేస్తే దానిలోనే పడుతుంది. పక్కదానికి పాకడం చాలా తక్కువ, దూరపుదానికి దాదాపు లేదు. 1980లో ఎరిక్సన్, చేజ్ అనేవాళ్లు ఒక కాలేజీ కుర్రాడి మీద చేసిన ప్రయోగం చూడండి. ఒకసారి వినిపించిన అంకెల్ని తిరిగి చెప్పడం. మొదట 7 అంకెలు చెప్పాడు. 20 నెలల్లో 230 గంటలకు పైగా సాధన చేసి 79కి చేరాడు. అతను పరుగు పందేలు పరిగెత్తేవాడు, అంకెల్ని పరుగు టైములుగా మార్చి పెట్టుకున్నాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇస్తే? మళ్లీ 6. జ్ఞాపకశక్తి అనే డబ్బా పెద్దదైతే అక్షరాలు కూడా పెరగాలి కదా. పెరిగింది అంకెల్ని పట్టుకునే ఉపాయం, డబ్బా కాదు.

2010లో ఓవెన్ బృందం 11,430 మందికి ఆరు వారాలు కంప్యూటర్‌లో బ్రెయిన్ ట్రైనింగ్ ఇచ్చి చూసింది. ఆడిన ఆటల్లో మెరుగయ్యారు. ఆడని పరీక్షల్లో, వాటికి దగ్గరగా ఉన్నవాటిలో కూడా, ఏమీ లేదు.

మన దేశం లెక్క కావాలా? వడోదర బడిలో 204 మంది పిల్లల మీద మూడేళ్లు పరీక్ష జరిగింది, మనసులో అబాకస్ మీద, అంటే పూసల చట్రాన్ని ఊహించుకుని లెక్కలు చెయ్యడం మీద. 2016లో అచ్చయింది. చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. అబాకస్ పిల్లలు లెక్కల్లో బాగా మెరుగయ్యారు. ఏకాగ్రత, పని జ్ఞాపకం (చేస్తున్న పనికి కావాల్సింది కాసేపు మనసులో పట్టి ఉంచడం) లాంటి మూల సామర్థ్యాల్లో తేడా రాలేదు. కాబట్టి కూడికలు, గుణకారాలు వేగంగా రావాలంటే అబాకస్‌కి పంపండి, డబ్బు వృథా కాదు. 'బ్రెయిన్ డెవలప్‌మెంట్' కోసం అని పంపొద్దు.

#3 గిద్దలూరు_ధ్యాని
మేష్టారూ, ఆల్ఫాని బాగానే ఉతికారు గానీ, ఆ శిబిరాల్లో పని చేసే ముక్క ఒకటుంది, దాన్ని కూడా మురికినీళ్లతో పారబోయొద్దు. కళ్లు మూసుకుని ఒళ్లు సడలించడం. దాన్ని ఆల్ఫా అనడం తప్పు, చెయ్యడం తప్పు కాదు. పరీక్ష భయంతో హాల్లో చేతులు చెమటపట్టే పిల్లలకి ఇది ఉపయోగం.

పద్ధతి ఇది. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోవాలి. పడుకుంటే సగం మంది నిద్రపోతారు. పాదాలతో మొదలు: వేళ్లు బిగించి 5 సెకన్లు, వదిలి 15 సెకన్లు. పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, దవడ, నుదురు. ఎనిమిది చోట్లకీ కలిపి మూడు నిమిషాల లోపే. తర్వాత 5 నిమిషాలు ఊపిరి: నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఆరు లెక్కపెట్టి బయటికి. వదిలేది పీల్చేదానికంటే పొడుగ్గా ఉండటం ముఖ్యం. రోజుకి ఒకసారి, మూడు నాలుగు వారాలు. అప్పుడు పరీక్ష హాల్లో దవడ, భుజాలు, మూడు ఊపిర్లు చాలు, అర నిమిషంలో దిగుతుంది.

చెడేది మూడు చోట్ల. ఒకటి, పరీక్ష వారంలోనే మొదలుపెట్టడం. అలవాటు లేకుండా హాల్లో ప్రయత్నిస్తే 'సడలడం లేదే' అన్న కంగారు అదనం. రెండు, గట్టిగా గబగబా పీల్చడం. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది శక్తి ఎక్కడం కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం. మూడు, కళ్లు మూసుకుంటే గుండె దడ, పాత భయాలు ఎగదన్నేవాళ్లు కొందరుంటారు. వాళ్లు కళ్లు తెరిచే చెయ్యాలి, అప్పటికీ తగ్గకపోతే ఆపేసి డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

#4 ఒంగోలు_మేష్టారు
ధ్యాని గారి పోస్టుకి నా ఓటు. ధ్యాన కార్యక్రమాల మీద 2014లో 47 ప్రయోగాలు, 3,515 మంది లెక్కలు కలిపి చూశారు. ఆందోళన, దిగులు, నొప్పి మీద ఓ మోస్తరు ప్రయోజనం కనపడింది. ఏకాగ్రత పెరుగుతుందనడానికి చాలినంత రుజువు దొరకలేదు. భయం వల్ల రానిది భయం తగ్గితే వస్తుంది. చదవనిది ఎంత సడలినా రాదు. కరపత్రం ఈ రెండింటినీ కలిపి అమ్ముతోంది.

#5 చీమకుర్తి_శ్రీను
మరి అక్కడికి వెళ్లొచ్చినోళ్లు 'జ్ఞాపకశక్తి పెరిగింది, మార్కులు పెరిగాయి' అని వీడియోల్లో చెప్తున్నారు కదన్నా. అందరూ డబ్బులు తీసుకుని చెప్తున్నారంటారా?

#6 కందుకూరు_లెక్కలు
శ్రీనూ, డబ్బులు అక్కర్లేదు, నిజాయితీగానే చెప్తారు. అక్కడే ఉంది చిక్కు.

1991లో గ్రీన్‌వాల్డ్ బృందం చేసింది విను. జ్ఞాపకశక్తి పెంచే టేపులు, ఆత్మవిశ్వాసం పెంచే టేపులు బజారులో ఉండేవి. కొంతమందికి లేబుళ్లు మార్చి ఇచ్చారు. లోపల ఆత్మవిశ్వాసం టేపు, పైన 'జ్ఞాపకశక్తి' అని. నెల రోజులు విన్నాక పరీక్ష పెడితే ఏ టేపూ దేన్నీ పెంచలేదు. కానీ చాలామంది పైన రాసి ఉన్నదే పెరిగిందని చెప్పారు. అనుభవం మాట నమ్మితే లేబుల్‌ని నమ్మినట్టే.

రెండోది, మార్కుల పెరుగుదల. శిబిరంలో ఎవరు చేరతారు? మాక్ టెస్టులో దెబ్బతిన్నవాడు. ఏ ఒక్క మాక్‌లోనైనా మార్కుల్లో కొంత అదృష్టం, దురదృష్టం కలిసి ఉంటుంది. ఒక టెస్టులో అడుగున ఉన్న 50 మందిని ఏరి, ఏమీ చెప్పకుండా ఇంకో టెస్టు పెట్టు, వాళ్ల సగటు పైకే వస్తుంది. ఆ మధ్యలో ఎవరు ఏం అమ్మినా పేరు వాళ్లకే.

మూడోది, శిబిరం చివరి రోజు పెట్టే పరీక్ష. రెండు రోజులు 20 పదాల జాబితాలు గొలుసుకట్టుగా గుర్తుపెట్టుకోవడం నేర్పి, చివర్లో 20 పదాల జాబితానే ఇస్తారు. తన తూకం రాళ్లతో తనే తూచుకున్నట్టు. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. ఇంటర్ ఫిజిక్స్ 20 పదాల జాబితా కాదు.

నిజంగా కొలవాలంటే ఇట్లా. నీ సిలబస్‌లో నువ్వు ఇంకా చూడని పాఠాల నుంచి 120 ప్రశ్నలు, జవాబుతో సహా చీటీల మీద ఇంకొకరి చేత రాయించు. కలిపి మూడు కట్టలు, ఒక్కోటి 40. చీటీలు తీసే కట్టలు కట్టాలి, లేకపోతే తేలికవన్నీ ఒకచోట చేరతాయి. మొదటి కట్ట కోర్సుకి ముందు: 20 నిమిషాలు చదివి, 24 గంటల తర్వాత పుస్తకం మూసి రాయాలి. రెండోది కోర్సు అయిన వారానికి. మూడోది ఆరు వారాలకి. ఇదే వరసలో కోర్సుకి పోని స్నేహితుడొకడు కూడా రాయాలి. ఒక్కొక్కరికి ముందు, తర్వాత మార్కుల తేడా తీసి, ఇద్దరి తేడాల మధ్య తేడా చూడు. దిద్దేవాడికి ఎవరు కోర్సుకి పోయారో తెలియకూడదు.

40లో రెండు మూడు మార్కులు అటూ ఇటూ పోవడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఒక్క జంటతో శాస్త్రం తేలదు, అయినా 12 వేలు కట్టాలా వద్దా అనేదానికి వీడియోల కంటే ఇది నయం.

#7 మూలాపేట_ధారణ
జ్ఞాపకం సంగతికొస్తే, తెలుగువాళ్లం అవధానం ఉండగా పక్క ఊరి బజారుకి పోవడం ఏందబ్బా.

అవధాని ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ చివర్లో అప్పజెప్పడం చూసి 'దైవదత్తం' అంటారు. లోపలి నిర్మాణం చూడండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, భ-ర-న-భ-భ-ర-వ గణాలు, ప్రాస రెండో అక్షరం, యతి పదో అక్షరం. ఇన్ని మేకులు కొట్టి ఉన్నచోట పదం తప్పిపోవడం కష్టం, ఏ తప్పు పదమూ అందులో ఇమడదు. పైగా పద్యం ఒక్క బిగిన చెప్పరు. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం. సమస్య, దత్తపది, వర్ణన, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, మోగే గంటల లెక్క, మళ్లీ అదే పృచ్ఛకుడి (ప్రశ్న అడిగేవాడి) దగ్గరికి వచ్చేసరికి పాత పాదాన్ని లోపలి నుంచి లాగాలి. నాలుగు ఆవృత్తులంటే ఎడం ఇచ్చి ఇచ్చి లాగడం. చివర్లో ధారణ. ఎడం ఇచ్చి గుర్తుచేసుకోవడమే మంచిదని ఇవాళ ప్రయోగశాలలు చెప్తున్నది ఈ వేదిక మీద ఎప్పటి నుంచో ఉంది. అలాగని అవధానికి ఫోన్ నంబర్లు కూడా అట్లాగే గుర్తుంటాయనుకోవద్దు. పైన మేష్టారు చెప్పిన అంకెల కుర్రాడి సంగతే ఇక్కడా.

ఇక అందరూ చెయ్యగలిగినవి రెండు.

స్థల పద్ధతి, అంటే గుర్తుండాల్సినవాటిని బాగా తెలిసిన చోట్లలో బొమ్మలుగా ఊహించి పెట్టుకోవడం. 2017లో డ్రెస్లర్ బృందం మామూలు మనుషులకి రోజుకి 30 నిమిషాలు, 40 రోజులు నేర్పితే 72 పదాల జాబితాలో అంతకు ముందు 26 దాకా చెప్పినవాళ్లు 60 దాటారు. వరసలు గుర్తుండాల్సిన చోట ఇది రాజు. గ్రూప్-2 వాళ్లకి రాజ్యాంగం 12 షెడ్యూళ్లు తీసుకోండి. బాగా తెలిసిన గుడో ఇల్లో ఎంచుకుని, నడిచే వరసలో 12 చోట్లు ముందే కాగితం మీద రాసుకోవాలి. రంగనాయకుల గుడి తెలిసినవాళ్లకి గాలిగోపురం, ధ్వజస్తంభం, అద్దాల మండపం ఎట్లాగూ కళ్లముందే ఉంటాయి. ఒక్కో చోట ఒక్కో బొమ్మ: మొదటి చోట రాష్ట్రాల పటం తోరణంలా వేలాడతా ఉంది, రెండో చోట జీతాల కట్టలు, మూడో చోట చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్న మంత్రి, నాలుగో చోట రాజ్యసభ కుర్చీలు... ఎనిమిదో చోట అందరూ తలో భాషలో అరుస్తున్నారు, పదో చోట కండువాలు మార్చుకుంటున్న ఎమ్మెల్యేలు, అదే ఫిరాయింపుల చట్టం. బొమ్మ కదలాలి, ఆ చోటుని తాకాలి. ధ్వజస్తంభం పక్కన ఊరికే నిలబడ్డ బొమ్మ రెండో రోజుకి మాయమవుతుంది.

చెడేది ఎక్కడంటే, అదే గుడిలో అదే రోజు రెండో జాబితా పెట్టడం. పాత బొమ్మలు అడ్డం వస్తాయి. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో స్థలం ఉండాలి. ఒకేలా ఉండే చోట్లు, అంటే వరసగా నాలుగు స్తంభాలు, పనికిరావు. ఇంకోటి, కారణాలు అర్థం చేసుకోవాల్సిన పాఠాలకి ఇది దండగ. కిరణజన్య సంయోగక్రియ అంచెల పేర్లు గుర్తుంటాయి, ఏది ఎందుకు జరుగుతుందో తెలియదు.

రెండోది కటపయాది, అంటే అంకెల్ని అక్షరాలుగా మార్చి మాటలు చేసుకోవడం. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా 1-9, న సున్నా. ప నుంచి మ దాకా 1-5. య నుంచి ళ దాకా (య ర ల వ శ ష స హ ళ) 1-9. అంకెలు వెనక నుంచి చదవాలి, సంయుక్తాక్షరంలో చివరి హల్లే లెక్క, అక్షరం పక్కన రాసే సున్నా(ం)కి విలువ లేదు. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన మేళకర్తలకి నంబర్లు పెట్టింది ఇట్లాగే: మాయామాళవగౌళలో మా=5, యా=1, తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ధీ=9, ర=2, తిప్పితే 29.

మనకి పనికొచ్చేది సంవత్సరాల చివరి రెండంకెలకి. ఆంధ్ర రాష్ట్రం 1953: ల=3, మ=5, 'లేమ'. ఆంధ్రప్రదేశ్ 1956: చ=6, మ=5, 'చీమ'. లేమ ముందు, ఆమె చేతి మీద చీమ తర్వాత. వరస కూడా దొరికింది. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970: 'నస'. ప్రకాశం అని పేరు మారింది 1972: 'రసం'. ఒంగోలు వాళ్లు క్షమించాలి, అక్షరాలు నేను పెట్టినవి కావు.

#8 పెన్నాగట్టు
నస-రసం ఇక ఈ జన్మకి మర్చిపోనులే సామీ. ఇక ఊహించుకోవడం, అంటే విజువలైజేషన్ గురించి ఎవురూ చెప్పలేదు. రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లల చేత పొద్దున్నే 'నాకు ర్యాంకు వచ్చేసింది' అని రాయిస్తున్నారంట.

#9 కావలి_కమల
దాని మీద నేరుగా జరిగిన పరీక్షే ఉంది. 1999లో ఫామ్, టేలర్ అనేవాళ్లు మిడ్‌టర్మ్ ముందు కొన్ని రోజులు విద్యార్థుల చేత రోజూ కొన్ని నిమిషాలు ఊహింపజేశారు. ఒక గుంపు మంచి మార్కులు వచ్చినట్టు, బోర్డు మీద తన పేరు చూసుకుంటున్నట్టు. ఇంకో గుంపు బల్ల దగ్గర కూర్చున్నట్టు, టీవీ ఆపినట్టు, ఫలానా పాఠం తీసినట్టు. రెండో గుంపు ముందుగా మొదలుపెట్టింది, ఎక్కువ గంటలు చదివింది, మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. ఫలితాన్ని ఊహించుకున్న గుంపుకి ఆ లాభం లేదు. సంతోషం ముందే అనుభవించేస్తే లేచి పని చేసే ఊపు తగ్గుతుంది.

'నేను గొప్పవాణ్ణి' అని వందసార్లు రాయడం గురించి: 2009లో వుడ్ బృందం చూస్తే, తన మీద తనకి గౌరవం తక్కువున్నవాళ్లు అలాంటి వాక్యాలు చెప్పుకున్నాక ఇంకా దిగులు పడ్డారు. ఎవరికి అవసరం అనుకుంటామో వాళ్లకే ఎదురు తిరిగింది. లోపల ఇంకో గొంతు 'అబద్ధం' అంటుంది కదా.

పిల్లలకి ఏదైనా రాయించాలనుకుంటే ఇలా రాయించండి: "మెస్‌లో టిఫిన్ ప్లేటు కడిగి పెట్టగానే, గదికి పోకుండా స్టడీ హాల్లో మూడో బల్ల దగ్గర కూర్చుని కెమిస్ట్రీ నిన్నటి పాఠం పుస్తకం మూసి రాస్తాను." ఎప్పుడు, ఎక్కడ, ఏది అనే మూడూ ఉండాలి. గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఈ 'అయితే-అప్పుడు' ప్రణాళికల మీద చాలా పని చేశాడు. 2006లో 94 పరీక్షలు కలిపి చూస్తే ప్రభావం మధ్యస్థం నుంచి పెద్దది. అడ్డంకికి కూడా ఒకటి రాయాలి: "ఫోన్ తీశానంటే, వార్డెన్ బల్ల మీద పెట్టి వస్తాను." ఒకేసారి పది రాస్తే ఏదీ జరగదు. రెండు చాలు, అవి అలవాటయ్యాక మూడోది. 'బాగా చదువుతాను' అన్న వాక్యానికి గడియారమూ లేదు, బల్లా లేదు, కాబట్టి అది ప్రణాళిక కాదు.

ఇప్పుడు చదువు పద్ధతి. దీనికి ఎవరూ కరపత్రం వెయ్యరు, ఎందుకంటే అమ్మడానికి ఏమీ లేదు. 2006లో రోడిగర్, కార్పికే ప్రయోగం: ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి రాసినవాళ్లకి 56 శాతం. తమాషా ఏంటంటే, ఐదు నిమిషాల తర్వాత అడిగితే తిరగచదివినవాళ్లే ముందున్నారు. అందుకే తిరగచదవడం మనల్ని మోసం చేస్తుంది. ఆ పూటకి వచ్చేసినట్టే ఉంటుంది. 2013లో డన్లోస్కీ బృందం పది చదువు పద్ధతుల్ని పోల్చితే పైన నిలిచినవి రెండు: తనకి తాను పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి చదవడం. హైలైటర్ గీతలు, తిరగచదవడం కింది వరసలో.

40 నిమిషాల ముక్క: 25 నిమిషాలు చదువు, 10 నిమిషాలు పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా, 5 నిమిషాలు తెరిచి ఎర్ర పెన్నుతో తప్పులు. ఎర్రవన్నీ చీటీలవుతాయి. చీటీ ముందు ప్రశ్న, వెనక జవాబు. ఒక చీటీకి ఒక్క సంగతే. చూడాల్సింది 1, 3, 7, 21, 45 రోజులకి. తప్పితే మళ్లీ మొదటి రోజు.

మునిగిపోయేది ఇక్కడ: రోజుకి 20 కొత్త చీటీలు వేస్తే, నెలన్నర తిరిగేసరికి రోజూ 100 పాతవి వస్తాయి. ఒక్కోటి 10 సెకన్లయినా 17 నిమిషాలు. ఉత్సాహంగా 50 వేస్తే పాతవే 250, తప్పినవి కలిపి గంటకి దగ్గర. రెండు రోజులు మానితే కొండ. అప్పుడు అంతా వదిలేస్తారు. 20కి మించొద్దు. ఇంకో తప్పు: జవాబు గుర్తురాక రెండు సెకన్లకే తిప్పి చూడటం. కనీసం పది సెకన్లు తంటాలు పడాలి.

అన్నిటికంటే ముందు నిద్ర. 13-18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి 11 దాకా స్టడీ అవర్ పెట్టి పొద్దున 5కి లేపి, మధ్యలో 'మైండ్ పవర్' క్లాసు పెట్టడం నాకైతే అర్థం కాదు.

#10 గిద్దలూరు_ధ్యాని
చివరి వాక్యానికి వంద లైకులు. ఆ మైండ్ పవర్ క్లాసు గంటని నిద్రగా మార్చమని తల్లిదండ్రులు అడగాలి. ఎవరూ అడగరు.

#11 చీమకుర్తి_శ్రీను
జ్ఞాపకం సరే. ఆలోచన పదునెక్కడం సంగతి? అది అసలు నేర్పలేమా?

#12 కందుకూరు_లెక్కలు
కొంత నేర్పొచ్చు. 1986లో ఫాంగ్, క్రాంట్జ్, నిస్‌బెట్ చూపించారు: కొద్ది ఉదాహరణల మీద తేల్చినవాటిని నమ్మకూడదన్న గణాంక సూత్రాన్ని కాసేపు ఉదాహరణలతో చెప్తే, జనం రోజువారీ విషయాల్లో కూడా దాన్ని వాడారు. మెదడు ఆటలు చెయ్యలేనిది ఒక నియమం చేసింది. #6లో రాసిందంతా ఆ రకమే.

పోటీ పరీక్షల వాళ్లకి సాధన ఒకటి. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, తప్పుకి మూడో వంతు కోత. నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా: పావు వంతు సార్లు +1, ముప్పావు వంతు సార్లు -1/3. ఒక్క ఐచ్ఛికాన్ని గట్టిగా కొట్టెయ్యగలిగితే ప్రశ్నకి సగటున 1/9 లాభం, రెండు కొట్టేస్తే 1/3. కాబట్టి 'తెలియకపోతే వదిలెయ్' అనే సలహా సగమే సరి. 'కొట్టేశాను' అన్న నీ నమ్మకం ఎంత నిజమో తెలియాలి.

దానికి ప్రతి మాక్‌లో జవాబు పక్కన 50, 70, 90 అని నమ్మకం రాయి. దిద్దాక విడివిడిగా లెక్కపెట్టు. 90 అని రాసినవి 40 ఉండి 28 మాత్రమే కరెక్టయితే, నీ తొంభై నిజానికి 70. నాలుగైదు మాక్‌లకి ఎక్కడ ఎక్కువ నమ్ముతున్నావో సబ్జెక్టువారీగా బయటపడుతుంది. చాలామంది పాలిటీలో అతి నమ్మకం, సైన్సులో అతి భయం. తప్పు ఎక్కడ చేస్తారంటే, నమ్మకం అంకె దిద్దేటప్పుడు రాయడం. అప్పటికి జవాబు తెలిసిపోతుంది, అన్నీ 'నేను ముందే అనుకున్నా' అయిపోతాయి. జవాబు పెట్టిన క్షణంలోనే రాయాలి.

#13 దర్గామిట్ట_వకీలు
గంతల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' అని అమ్ముతారు. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు కాండంలో భాగం, కంటి కదలికలు, చప్పుడుకి తల తిప్పడం లాంటివాటిలో దానికి పని. అందరికీ పుట్టినప్పటి నుంచీ 'యాక్టివేట్' అయ్యే ఉంది. పిల్లలు చదివేది ముక్కు పక్కన సందులోంచి. పిల్లవాడు తల కొంచెం పైకెత్తి, కాగితం ఒడిలో పెట్టుకుని చూస్తాడు, గమనించండి.

తేల్చే విధానం: గుడ్డ గంత కాదు, ఈత కళ్లద్దాల లోపల నల్ల టేపు అంటించి పెట్టండి. కార్డు తల కంటే పైన ఎత్తి పట్టుకోండి, లేదా మెడ చుట్టూ అట్టపెట్టె మూత కాలరులా పెట్టి దాని కింద ఉంచండి. ఎరుపు, నీలం కార్డులు 20, కలిపి, చూపించేవాడికి కూడా ఏది తీశాడో తెలియకుండా. ఊరికే చెప్తే సగటున 10 కరెక్టు. 15 అంతకు మించి అదృష్టం మీద రావడం నూటికి రెండుసార్లే. ముందే 'ఎన్ని వస్తే ఒప్పుకుంటాం' అని రాసుకోండి. 'నెగటివ్ ఎనర్జీ ఉంది' అని మధ్యలో లేచిపోయేవాళ్లతో మాట్లాడి ప్రయోజనం లేదు. పిల్లవాణ్ణి మాత్రం అబద్ధమాడావని తిట్టొద్దు. పెద్దవాళ్లు అందరూ చప్పట్లు కొడితే ఏ పదేళ్ల పిల్లయినా ఆ ఆట ఆడుతుంది.

ఇక డబ్బు కట్టేసినవాళ్లకి. కరపత్రం, రసీదు, వాట్సాప్ మెసేజీలు, నోటితో చెప్పిన హామీ ఉంటే దాన్ని మళ్లీ మెసేజిలో అడిగి తెప్పించుకున్న జవాబు, ఇవన్నీ దాచండి. 'గ్యారంటీ' కింద చిన్న అక్షరాలు చదవండి. '90 రోజులు ఒక్కరోజు మానకుండా చేసి, రోజూ సంతకం పెట్టిన పుస్తకం చూపిస్తేనే వాపసు' అని ఉంటే అది వాపసు ఇవ్వకుండా ఉండటానికి రాసింది. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత రాతపూర్వక నోటీసు, 15 రోజుల గడువు. అప్పటికీ లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, కారణం పుట్టిన రెండేళ్ల లోపు వెయ్యాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వెయ్యగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో విడిగా మార్గదర్శకాలొచ్చాయి, ర్యాంకు గ్యారంటీలు వాటి కింద కుదరవు. కరపత్రంలో 'మూర్ఛ తగ్గిస్తాం' లాంటి మాట ఉంటే అది 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి పోయే సంగతి, ఇంకా గట్టిది.

#14 పెన్నాగట్టు
వకీలు గారూ, ఈ పోస్టు ప్రింటు తీసి గోడకంటించాల్సిందే. ఇంకొక్కటి. ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్‌లో మెదడు ఆటల యాప్‌లు పెట్టిస్తున్నారు, మతిమరుపు రాదని. అది?

#15 ఒంగోలు_మేష్టారు
ఆ ప్రకటనల మీదే 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో మెదడు ఆటల కంపెనీ లూమాసిటీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. చదువు, ఉద్యోగం, మతిమరుపు గురించి చెప్పినవాటికి రుజువు చూపలేకపోయారు.

పెద్దవాళ్ల మీద మంచి పరీక్ష ఒకటుంది: 65 దాటిన 2,832 మంది. ఒక్కో గుంపుకి ఒక్క రకం సాధన, పది తరగతులు: జ్ఞాపకం, తర్కం, చూపు వేగం. పదేళ్ల తర్వాత చూస్తే తర్కం, వేగం నేర్చినవాళ్లకి ఆ పనుల్లోనే లాభం కొంత నిలిచింది, జ్ఞాపకం గుంపుది నిలవలేదు. కాబట్టి ఆటలు హాని కాదు, సరదాగా ఆడుకోనివ్వండి, డబ్బు కట్టే ప్యాకేజీ వద్దు. ఆ నెల డబ్బుతో బీపీ, షుగరు, చెవి పరీక్ష చేయించండి. వినపడకపోవడం, రక్తపోటు మతిమరుపు ముప్పు పెంచేవాటిలో ఉన్నాయి, వైద్యం ఉన్నవి కూడా.

#16 చీమకుర్తి_శ్రీను
మూలాపేట అన్నా, కటపయాదిలో 2014కి ఏం పెట్టాల? చివరి రెండంకెలు 14 అయితే ముందు 4, తర్వాత 1 కదా?

#17 మూలాపేట_ధారణ
అవును. 4కి ఘ, ఢ, భ, వ. 1కి క, ట, ప, య. 'వాపు' పెట్టుకో, 'భయం' పెట్టుకో. రాష్ట్రం విడిపోయిన సంవత్సరం కాబట్టి ఏది అతుకుతుందో నీ ఇష్టం. ఒకసారి పెట్టినది మార్చకు, మారిస్తే రెండూ కలిసి వచ్చి పరీక్షలో తన్నుకుంటాయి.